రుమటాయిడ్ ఆర్థరైటిస్: కీళ్లలో బయటపడే సర్వాంగ వ్యాధి

రుమటాయిడ్ ఆర్థరైటిస్ దీర్ఘకాలిక వ్యాధి. రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడికి దిగడం వల్ల వస్తుంది. తెలుగునాట దీన్ని కీళ్లవాతం అంటారు. పెద్దవాళ్లలో నూటికి ఒకరు, లేదా అంతకన్నా కాస్త తక్కువ మంది దీని బారిన పడతారు. మగవారికన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఏ వయసులోనైనా రావచ్చు గానీ, చాలామందిలో 30 నుంచి 60 ఏళ్ల మధ్య మొదలవుతుంది. చేతివేళ్ల మొదటి కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు, పాదాల ముందు భాగం రెండు పక్కలా దాదాపు ఒకేలా వాస్తాయి. వేలి చివరి కణుపు మాత్రం సాధారణంగా తప్పించుకుంటుంది. పొద్దున లేవగానే పిడికిలి బిగించలేరు. జడ వేసుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, చెంబు ఎత్తడం గంటదాకా, కొందరికి అంతకుమించి కష్టంగా ఉంటుంది. వయసుతో వచ్చే మోకాలి అరుగుదలలో పొద్దుటి బిగుతు అరగంటలోపే సడలిపోతుంది, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. ఇక్కడ దానికి విరుద్ధంగా, కదిలేకొద్దీ కీలు కాస్త వదులవుతుంది.

ఈ లక్షణాలను బట్టి దీన్ని కీళ్ల జబ్బుగా లెక్కగట్టడం సహజమే. అయితే గడిచిన ఎనిమిది దశాబ్దాల్లో పోగైన ఆధారాలు మరో మాట చెబుతున్నాయి. ఈ వ్యాధి కీళ్లలో మొదలవదు, కీళ్లతో ఆగదు. రోగుల ఆయుష్షును తగ్గించేది కూడా చాలావరకు కీళ్లు కాదు. గుండె, ఊపిరితిత్తులు, ఇన్ఫెక్షన్లు. వీటిని కీళ్లవాతంతో పాటు దురదృష్టవశాత్తూ వచ్చిపడిన వేరే జబ్బులుగా కాకుండా, ఒకే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ప్రక్రియ వేర్వేరు అవయవాల్లో వేసిన ముద్రలుగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన. అలా చూస్తే చికిత్స గురి కూడా మారుతుంది. నొప్పి తగ్గిందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు.

పేరు, గుర్తింపు

ఆధునిక వైద్యంలో ఈ వ్యాధిని విడిగా వర్ణించిన తొలి రచనగా 1800లో పారిస్‌లో లాండ్రే బోవే సమర్పించిన సిద్ధాంత వ్యాసాన్ని చెబుతారు. సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఆయన చూసిన తొమ్మిది మంది స్త్రీలకు ఉన్నది అప్పటికి అందరికీ తెలిసిన గౌట్ కాదని గమనించి, దాన్ని ఒక కొత్త రకంగా వర్గీకరించాడు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న పేరు 1859లో ఇంగ్లండ్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ పెట్టింది. అంతకు వెయ్యేళ్ల ముందే మాధవ నిదానం ఆమవాతానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించింది. రెండూ ఒకే జబ్బని తేల్చి చెప్పడం కుదరదు. కానీ ఆ వర్ణనలో కీళ్ల వాపుతో పాటు ఒళ్లునొప్పులు, అరుచి, దప్పిక, ఒంటి బరువు, జ్వరం కూడా చేరాయన్నది గమనించదగ్గది. రోగిని మొత్తంగా చూసిన వైద్యుడికి ఇది ఒక్క కీలుకు పరిమితమైన బాధ కాదని ఏ కాలంలోనైనా అర్థమై ఉంటుంది. 1924లో అమెరికన్ వైద్యుడు అగస్టస్ ఫెల్టీ కీళ్లవాతం, ప్లీహం పెరగడం, తెల్లకణాలు తగ్గడం ఒకేచోట కనిపించిన రోగులను వర్ణించాడు. 1953లో వేల్స్ బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలలో ఆంథనీ కాప్లాన్ ఊపిరితిత్తుల్లో గుండ్రటి గడ్డలు చూసి, వాటికీ కీళ్లవాతానికీ సంబంధం కలిపాడు. ఇలా ఒక్కో అవయవం గురించి ఒక్కో వైద్యుడి పేరుతో ఒక్కో లక్షణ సముదాయం పుస్తకాలకెక్కింది. వీటన్నిటినీ కలిపే దారం దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మొదలు ఎక్కడ

ఆ దారం రక్తంలో దొరికింది. 1940లో నార్వేకు చెందిన ఎరిక్ వాలర్, 1948లో అమెరికాలో హ్యారీ రోజ్ రోగుల రక్తంలో ఒక వింత యాంటీబాడీని గుర్తించారు. మన సొంత యాంటీబాడీలకే అతుక్కునే ఈ యాంటీబాడీని రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటున్నాం. 1990ల చివరికి ఇంతకన్నా కచ్చితమైన పరీక్ష వచ్చింది. ప్రొటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఒక రసాయనిక మార్పుతో సిట్రులిన్ అవుతుంది. కొందరి రోగనిరోధక వ్యవస్థ అలా మారిన ప్రొటీన్‌ను పరాయిదిగా పొరబడుతుంది. ల్యాబ్ రిపోర్టుల్లో యాంటీ సీసీపీ అని కనిపించేది ఈ పొరపాటుకు గుర్తే. దీని ఆధారంగా నెదర్లాండ్స్ పరిశోధకులు ఆసక్తికరమైన పని చేశారు. తర్వాతి కాలంలో కీళ్లవాతం వచ్చిన రక్తదాతలు, జబ్బు రాకముందు ఎప్పుడో ఇచ్చిన రక్తం నమూనాలను బయటికి తీసి పరీక్షించారు. 2004లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు సగం మంది రక్తంలో ఈ యాంటీబాడీలు లక్షణాలకు ఏళ్ల ముందే ఉన్నాయి. ఆ వ్యవధి మధ్యస్థంగా నాలుగున్నరేళ్లు. అంటే వేలి కణుపు వాచేనాటికి వ్యాధి వయసు ఏళ్లలో ఉంటుంది.

మరి ఆ ఏళ్లలో అది ఎక్కడుంది? ఊపిరితిత్తులు, చిగుళ్ల వంటి పొరల వద్ద అన్నది ఇప్పుడు బలంగా వినిపిస్తున్న సమాధానం. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో సిట్రులిన్ మార్పు పెరుగుతుంది. హెచ్ఎల్ఏ డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలు ఉన్నవారు పొగ కూడా తాగితే యాంటీ సీసీపీ ఉండే కీళ్లవాతం వచ్చే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధనలు చూపించాయి. చిగుళ్ల జబ్బు కలిగించే ఒక బ్యాక్టీరియా ఈ మార్పును తెచ్చే ఎంజైమును తానే తయారు చేసుకుంటుంది. ఇవి కారణాన్ని పూర్తిగా రుజువు చేయవు. కానీ దారి ఎటు నుంచి ఎటు పోతోందో సూచిస్తున్నాయి: పొగ, చిగుళ్లు, జన్యువులు ముందు, కీళ్లు తర్వాత.

కీలు నుంచి కాలేయం దాకా

కీలు లోపలి పొర ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఒకటి రెండు కణాల మందమే ఉంటుంది. వ్యాధిలో అది ఎన్నో వరసల మందానికి పెరిగి, కొత్త రక్తనాళాలను పుట్టించుకుని, మృదులాస్థి మీదికి పాకి, ఎముక అంచును కొరుకుతుంది. ఈ పొరలో చేరిన కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 వంటి సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. అవి కీలులోనే ఉండిపోతే ఇది కీళ్ల జబ్బుగానే మిగిలేది. రక్తంలోకి చేరతాయి కాబట్టే కథ మారుతుంది. ఇంటర్‌ల్యూకిన్ 6 కాలేయానికి చేరగానే అక్కడ సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారీ పెరుగుతుంది. వేలి కణుపులో వాపు ఎంతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు చూసే సీఆర్‌పీ నిజానికి కాలేయం ఇచ్చే జవాబు. ఏ ప్రయోగశాలకు వెళ్లినా దొరికే ఈ మామూలు రక్తపరీక్షే జబ్బు ఒంటినిండా పాకిందని చెప్పే తొలి సాక్ష్యం.

అదే ఇంటర్‌ల్యూకిన్ 6 కాలేయం చేత హెప్సిడిన్ అనే హార్మోనునూ తయారు చేయిస్తుంది. హెప్సిడిన్ పెరిగితే పేగు నుంచి ఐరన్ రక్తంలోకి రాదు, నిల్వ ఉన్న ఐరన్ కణాల నుంచి బయటపడదు. నిల్వలు ఉండగానే రక్తహీనత వస్తుంది. కీళ్లవాతం ఉన్న మహిళకు హిమోగ్లోబిన్ తక్కువ ఉందని నెలల తరబడి ఐరన్ మాత్రలు ఇచ్చినా ఫలితం లేకపోవడానికి తరచు ఇదే కారణం. వాపు అదుపులోకి వస్తే హిమోగ్లోబిన్ దానంతటదే కోలుకుంటుంది. ఎముక విషయంలోనూ అంతే. వాపు సంకేతాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి కాబట్టి కీలు పక్కన ఎముకే కాక వెన్నుపూసలు, తుంటి ఎముక కూడా పలచబడతాయి. కండ కరిగిపోతుంది, బరువు తగ్గకపోయినా కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. ఏళ్ల తరబడి వాపు అదుపు తప్పితే కాలేయం తయారుచేసే మరో ప్రొటీన్ అమిలాయిడ్‌గా మారి మూత్రపిండాల్లో పేరుకుంటుంది. చికిత్సలు మెరుగుపడ్డాక ఇది అరుదైపోవడం కూడా దీని మూలం వాపేనని చెప్పకనే చెబుతోంది.

మెదడు సంగతి ఇంకా ఆసక్తికరం. రోగులు నొప్పితో సమానంగా నీరసం గురించి చెప్పుకుంటారు. 2011లో జర్మనీ పరిశోధకులు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఇచ్చి మెదడును స్కాన్ చేశారు. మందు ఎక్కించిన 24 గంటల్లోనే నొప్పికి సంబంధించిన మెదడు చర్య తగ్గింది. కీళ్ల వాపులో, సీఆర్‌పీలో అప్పటికింకా మార్పు కనిపించలేదు. కీలు బాగుపడ్డాక మెదడు ఊరట పొందడం కాదిది. రక్తంలోని సంకేతం తొలగగానే మెదడు తనంతట తాను స్పందించింది.

గుండె: వాదనకు అసలు పరీక్ష

కీళ్లవాతం ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అందుకే యూరప్ రుమటాలజీ సంఘం మామూలు లెక్కల్లో వచ్చిన గుండె ముప్పును వీరి విషయంలో 1.5తో గుణించమని సూచిస్తోంది. దీన్ని వాపుకు అంటగట్టడం తొందరపాటని ఎవరైనా అనవచ్చు. రోగులు నొప్పితో కదలరు, కొందరు పొగతాగుతారు, స్టెరాయిడ్లు వాడతారు. గుండెకు ఇవి చాలవా? ఈ అభ్యంతరంలో నిజం ఉంది, కానీ పూర్తి నిజం లేదు. పొగ, బీపీ, షుగరు వంటివి లెక్కలోంచి తీసేసినా అదనపు ముప్పు మిగులుతోంది. పైగా కొలెస్ట్రాల్ విషయంలో ఒక విడ్డూరం ఉంది: వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె ముప్పు మాత్రం పెరుగుతుంది. మామూలు ముప్పు కారకాలే సంగతంతా తేల్చేస్తే ఇలా జరగకూడదు.

వాపును అడ్డుకుంటే గుండెకు మేలు జరుగుతుందా అన్నదాన్ని నేరుగా పరీక్షించింది కీళ్లవాతం లేని రోగుల్లో. 2017లో వెలువడిన కాంటాస్ ప్రయోగంలో ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,000 మందికి పైగా పాల్గొన్నారు. ఇంటర్‌ల్యూకిన్ 1 బీటాను అడ్డుకునే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి 15 శాతం తగ్గించింది. ఆ మందు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించలేదు. వాపుకు గుండె రక్తనాళాల జబ్బులో కారణంగా భాగం ఉందని ఇంత సూటిగా చూపిన ప్రయోగం అంతకు ముందు లేదు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. కీళ్లవాతంలో మొదటి మందైన మెథోట్రెక్సేట్‌ను గుండెజబ్బు రోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి చూసిన సర్ట్ ప్రయోగం ఏ మేలూ చూపలేదు. వాపు సిద్ధాంతం ఇక్కడ బోల్తాపడిందని కొందరన్నారు. కానీ ఆ ప్రయోగంలో మెథోట్రెక్సేట్ సీఆర్‌పీని గానీ ఇంటర్‌ల్యూకిన్ 6ను గానీ తగ్గించలేదు. వాపే తగ్గనప్పుడు వాపు తగ్గిస్తే లాభమా కాదా అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. అదే మందు కీళ్లవాతం రోగుల్లో వాపును తగ్గిస్తుంది. 2002లో వెలువడిన 1,240 మంది రోగుల అధ్యయనంలో మెథోట్రెక్సేట్ వాడినవారిలో గుండెజబ్బు మరణాలు వాడనివారికన్నా చాలా తక్కువ. అది యాదృచ్ఛిక ప్రయోగం కాదు, పరిశీలన మాత్రమే. కాబట్టి దాన్ని రుజువుగా కాక బలమైన సూచనగా తీసుకోవాలి. వీటన్నిటి నుంచి తేలేది ఒకటుంది: ‘వాపు’ అని ఒక్క మాటలో అంటున్నాం గానీ అందులో చాలా దారులున్నాయి. ఏ దారిని మూశామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఊపిరితిత్తులు, కళ్లు, మెడ

ఊపిరితిత్తులు ఈ వాదనను ఇంకో వైపు నుంచి ఇబ్బంది పెడతాయి. దాదాపు పదో వంతు రోగుల్లో ఊపిరితిత్తుల కణజాలం గట్టిపడే జబ్బు ఆయాసం తెచ్చేంతగా ఉంటుంది. ఇది కీళ్ల వాపుతో అడుగులో అడుగు వేయదు. కీళ్లు నెమ్మదించాక కూడా ముదరవచ్చు. కొందరిలో కీళ్లకన్నా ముందే వస్తుంది. వ్యాధి ఆడవారిలో ఎక్కువైనా ఊపిరితిత్తుల ముప్పు మగవారిలో, పొగతాగేవారిలో ఎక్కువ. మూలం ఒకటే అయితే ఈ తేడాలెందుకు? కాలువ నీరు ఒకటే అయినా రేగడిలో ఒకలా, ఇసుక నేలలో ఒకలా ఇంకుతుంది. ఎంయూసీ5బీ అనే జన్యువులోని ఒక మార్పు ఉన్నవారికి కీళ్లవాతంలో ఊపిరితిత్తుల జబ్బు ముప్పు పెరుగుతుందని 2018లో తేలింది. కీళ్లవాతం లేకుండానే ఊపిరితిత్తులు గట్టిపడే రోగుల్లో కనిపించేదీ అదే మార్పు. అంటే రోగనిరోధక లోపం దాడి మొదలుపెడుతుంది. ఆ అవయవం తన సొంత బలహీనతను బట్టి దెబ్బతింటుంది. ఒకే మూలం అన్న వాదన నిలబడుతుంది గానీ, ఒకే తీరు అన్నది నిలబడదు. కీళ్లు బాగున్నాయి కదా అని పొడిదగ్గును, మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని తోసిపుచ్చకూడదనడానికి కారణం ఇదే.

మిగతా అవయవాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. కన్నీటి గ్రంథులు దెబ్బతిని కళ్లు పొడిబారి ఇసుక పడినట్టు గరగరలాడతాయి. అరుదుగా కంటి తెల్లపొర వాచి, పలచబడి చూపుకే ముప్పు రావచ్చు. మణికట్టు వాపు నరాన్ని నొక్కి రాత్రిళ్లు వేళ్లకు తిమ్మిరెక్కిస్తుంది. మెడలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు సడలితే వెన్నుపాము మీద ఒత్తిడి పడే ప్రమాదం ఉంది. దీర్ఘకాలం కీళ్లవాతం ఉన్న మనిషికి తుంటి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు మత్తు డాక్టరు మెడ ఎక్స్‌రే ఎందుకు అడుగుతారో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. శ్వాస గొట్టం వేయడానికి తలను వెనక్కి వంచాల్సి ఉంటుంది. ఆ పూసలు నిలకడగా లేకపోతే ఆ ఒక్క కదలికే పక్షవాతం తేవచ్చు.

మరికొన్ని అభ్యంతరాలు

ఈ నష్టాల్లో కొన్ని మందుల వల్లే కదా అన్నది తరచు వినిపించే మాట. స్టెరాయిడ్లు ఎముకను పలచబరుస్తాయి, షుగరు పెంచుతాయి. నొప్పిమాత్రలు కడుపులో పుండ్లు తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఇది కాదనలేని నిజం. కానీ రక్తహీనత, ప్లీహం పెరగడం, అమిలాయిడ్ ఇప్పటి మందులు రాకముందే నమోదయ్యాయి. మందుల హానిని చూపి అసలు జబ్బు హానిని తక్కువ చేయడం వల్ల జరిగేది మరో నష్టం: రోగి వాపును ఆపే మందు మానేసి, నొప్పిని మాత్రమే కప్పే మందు ఎంచుకుంటారు. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకోగానే లేచి తిరిగానని చెప్పేవారికి చాలాసార్లు పడింది స్టెరాయిడే. పేరు లేని పొడులు, మాత్రల్లోనూ అదే కలిసి ఉండవచ్చు. నొప్పి పోతుంది, ఎముక కొరుక్కుపోవడం ఆగిందన్న హామీ ఉండదు.

రెండో అభ్యంతరం దీనికి వ్యతిరేక దిశలోది. వాపే అన్నిటికీ మూలమైతే ప్రతి నొప్పినీ, ప్రతి నీరసాన్నీ దానికే అంటగట్టి పసుపు పాలు, డీటాక్స్ రసాలు అమ్మడం తప్పెలా అవుతుంది? ఎందుకంటే ఇక్కడ మాట్లాడుతున్నది యాంటీబాడీలు, సంకేత ప్రొటీన్లు, కొలవగలిగే నష్టం ఉన్న ఒక నిర్దిష్ట వ్యాధి గురించి. కీళ్లు వాచినవన్నీ కూడా ఈ వ్యాధి కాదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తి మరుసటి ఏడాది దక్షిణాదిని చుట్టేసిన చికున్‌గున్యా వేలమందికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్ల బాధ మిగిల్చింది. బయటికి చూస్తే అచ్చం కీళ్లవాతంలాగే ఉంటుంది. అయితే వారిలో యాంటీ సీసీపీ సాధారణంగా ఉండదు, ఎముక కొరుక్కుపోవడం అరుదు. పోలికను బట్టి కాక పరీక్షను బట్టి పేరు పెట్టాలని ఆ అనుభవం నేర్పింది.

చికిత్స చెప్పే పాఠం

చికిత్స చరిత్రే ఈ వాదనకు గట్టి ఆధారం. 1948లో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ ఇచ్చి, మంచం పట్టిన రోగిని కొద్దిరోజుల్లో నడిపించాడు. 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. దుష్ఫలితాలు బయటపడేసరికి ఆ ఆనందం చప్పబడింది. అదే కాలంలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద, దాన్ని అడ్డుకునే మందుల మీద పరిశోధన సాగింది. ఆ మందుల్లో అమినోప్టెరిన్‌ను పిల్లల రక్తక్యాన్సర్‌లో వాడిన ఫలితాలను సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించాడు. 1951లో అదే మందు కీళ్లవాతానికీ పనిచేస్తుందని రిచర్డ్ గుబ్నర్ చూపాడు. సుబ్బారావు అప్పటికే కన్నుమూశాడు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ సత్తా 1980ల ప్రయోగాల్లో రుజువై, నేటికీ చికిత్సకు వెన్నెముకగా ఉంది. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి, ఫోలిక్ యాసిడ్ తోడుగా ఉండాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి జాగ్రత్తపరులైన డాక్టర్లు చీటీలో వారం పేరు కూడా రాస్తారు.

1990ల్లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ టీఎన్ఎఫ్ ఒక్కదాన్ని అడ్డుకున్నా వ్యాధి మొత్తం నెమ్మదిస్తుందని నిరూపించారు. కీళ్ల వాపుతో పాటు నీరసం, సీఆర్‌పీ, రక్తహీనత కూడా తగ్గాయి. ఒక్క సంకేతాన్ని ఆపితే ఇన్ని అవయవాలు ఊరట పొందడం ఆ అవయవాల బాధకు మూలం ఉమ్మడిదని చెప్పే సాక్ష్యం. అదే మందుకు మరో ముఖం కూడా ఉంది. ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసేదీ టీఎన్ఎఫే. ఆ మందు తీసుకున్నవారిలో క్షయ తిరగబెట్టిన 70 కేసులు 2001లో ప్రచురితమయ్యాయి. క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ మందులకు ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి కావడం అందుకే. వాపు పూర్తిగా శత్రువు కాదు. దాన్ని తుడిచిపెట్టడం కాదు, అదుపులో పెట్టడమే చికిత్స.

అదుపు అంటే ఏమిటో 2004లో గ్లాస్గోలో జరిగిన టికోరా ప్రయోగం లెక్కతో చూపింది. 110 మందిలో సగం మందికి మామూలు చికిత్స. మిగతా సగం మందిని నెలనెలా పరీక్షించి, వాపు స్కోరు గురికి చేరేదాకా మందులు పెంచుతూ పోయారు. 18 నెలలకు రెండో బృందంలో 65 శాతం మందిలో జబ్బు దాదాపు కనుమరుగైంది. మొదటి బృందంలో 16 శాతం మందిలోనే. వాడినవి కొత్త మందులేమీ కావు. తేడా అంతా కొలిచిన పద్ధతిలో, ఆ కొలతను బట్టి మందు మార్చడంలో ఉంది. కాబట్టి కీళ్లవాతం రోగి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నొప్పి ఎలా ఉందన్నది మొదటి ప్రశ్నే తప్ప ఆఖరి ప్రశ్న కాకూడదు. ఎన్ని కీళ్లు వాచాయి, సీఆర్‌పీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, బీపీ ఎంత, ఆయాసం ఉందా, పొగ మానారా అన్నవి కూడా కీళ్లవాతం చికిత్సలో భాగమే. వీటిని అడగని వైద్యం సగం జబ్బుకే మందిస్తుంది.